మేస్త్రి జయకుమారి నాలుక

వేపపుల్ల నములుతూ ఇంట్లోకొచ్చిన వెంకయ్యకు, గోడకు తగిలించిన అద్దం ముందు నాలుక బయటపెట్టుకుని నిలబడ్డ పెళ్ళాం కనిపించింది. అంతే, ఆ పొద్దుటి నుంచి అతనికి కాలు ఒకచోట నిలవలేదు.

"ఏందే అది?" అన్నాడు.

జయకుమారి గబుక్కున నాలుక లోపలికి లాక్కోబోయింది. లాక్కోవడం అయితే లాక్కుంది గానీ, నిండు బస్తాను ఇరుకు గుమ్మంలోంచి తోసినట్టు అది కాస్త తంటాలుపడి లోపలికి పోయింది.

"ఏంలా. పన్ను గుచ్చుకుంది."

"ఏ పన్ను?"

"నా పన్నే. నీ పన్ను నా నోట్లోకెందుకొస్తది? ఎల్లి మొహం కడుక్కో."

ఆ రెండు ముక్కలు అనడానికి ఆమెకు పట్టిన సమయంలో వెంకయ్య మొహం కడుక్కుని, తుడుచుకుని, దండెం మీద తువ్వాలు ఆరేసి కూడా వచ్చాడు.

జయకుమారి మిరపకోత ముఠాకు మేస్త్రి. సత్తెనపల్లికి ఆరు కిలోమీటర్ల అవతల ఉన్న ఆ పాలెంలో నలభై మంది ఆడవాళ్ళు ఆమె వెనక చేలోకి దిగుతారు, ఆమె చెబితేనే గట్టెక్కుతారు. కాయ తెంపడంలో ఆమె చెయ్యి ఎంత వడి అయినా, పేరు మాత్రం నాలుకది. పండుమిరపకాయ కొస కొరికి ఇది తేజ రకం, ఇది బాడిగ రకం, దీనికి కాలవ నీళ్ళు, దానికి బోరు నీళ్ళు అని చెప్పేది. అంతవరకు నిజం. ఆ పైదంతా వెంకయ్య చేర్చింది.

వెంకయ్య పని కల్లంలో కాయ ఆరబెట్టడం, తిరగెయ్యడం, మంచు పడే వేళకు పట్టాలు కప్పడం. కాయ ఆరడానికి పది రోజులు పడుతుంది కాబట్టి ఆ పది రోజులూ అతను మాట్లాడుతూనే ఉంటాడు. దాచేపల్లి అవతల ఒక రైతు కాయ ఇస్తే జయకుమారి కొరికి, నీ బోరు లోతు రెండొందల పది అడుగులు అందట. కాదు, రెండొందల పదకొండు అని ఆయన గొడవకొచ్చాడట. తాడు దింపి కొలిస్తే అడుగున పూడిక పడి సరిగ్గా రెండొందల పదే తేలిందట. ఇంకోసారి ఎవరింట్లోనో కారం నాకి, ఇది పట్టినవాడికి జలుబు చేసింది అందట. మిల్లుకెళ్ళి చూస్తే వాడు ముక్కు చీదుకుంటూ కూర్చున్నాడట. ఈ కథలు నాలుగూళ్ళు తిరిగి, పెరిగి, పెద్దవై మళ్ళీ పాలెం వచ్చేవి. వచ్చినప్పుడల్లా వెంకయ్య వాటిని కొత్తగా విన్నట్టు నోరు తెరుచుకుని వినేవాడు.

అలాంటి జయకుమారి క్రిస్మస్ పోయిన దగ్గర్నుంచీ మెల్లబడింది. అందరికంటే ముందు సాలు ముగించేది, ఇప్పుడు సాలు మధ్యలో నిలబడి ఆవలిస్తోంది. మొహం ఉబ్బింది. దువ్వుకుంటే దువ్వెన నిండా జుట్టే. గొంతు ఎంత బొంగురుపోయిందంటే, ఆదివారం ఆమె పాట ఎత్తుకుంటే పాస్టరుగారు మగవాళ్ళ వైపు తిరిగి చూశారు. మార్చి నెల, కాకులు ఒకదాని నీడలో ఒకటి కూర్చునే ఎండ, ఆ ఎండలో ఆమె చలి అని దుప్పటి కప్పుకుంది. మాట నోట్లో మసలడానికి చోటు లేనట్టు ముద్దగా వచ్చేది. ఇరవై రెండేళ్ళుగా ఆమె తిట్లకు అలవాటుపడ్డ వెంకయ్యకు ఇల్లు కరెంటు పోయినట్టుండేది.

"ఒకసారి నాలిక చూపియ్యవే," అన్నాడు ఆ సాయంత్రం.

"ఎందుకు? కొంటావా?"

"కొననులే. చూస్తా."

"చూసి ఏం చేస్తావు? నాలుగూళ్ళు చెప్పుకుంటావు."

"చెప్పనే. ఒట్టు. రేపు పొద్దున సత్తెనపల్లి పోయి డాక్టరుకి చూపిచ్చుకుందాం."

జయకుమారి చేటలో బియ్యం ఏరుతోంది. ఏరడం ఆపింది.

"మా నాయన బాగానే ఉండేవాడయ్యా. చుట్ట తాగేవాడు, అన్నం తినేవాడు, తిరునాళ్ళకి నన్ను భుజానెక్కించుకునేవాడు. గుంటూరులో డాక్టరు నాలిక చాపమన్నాడు. చాపాడు. అంతే. నాలుగు నెలల్లో పోయాడు."

"పుండు ఉంటే చూపిచ్చుకోక ఎట్టాగే? చూపిచ్చుకోకపోతే బతికేవాడా?"

"ఏమో. చూపిచ్చుకున్నాకయితే బతకలేదుగా."

బోరు లోతు అడుగుతో సహా అల్లగలిగిన వెంకయ్య లేచి వాకిట్లోకి వెళ్ళాడు, లోపలికొచ్చాడు, కుండలో నీళ్ళు ముంచుకుని తాగకుండానే మళ్ళీ కుండలో పోశాడు. ఆమె నోట్లో ఏముంది? మామ నోట్లో ఉన్నదేనా? వీధి చివరిదాకా నడిచి వెనక్కొచ్చినా ఆ ప్రశ్న గుమ్మంలోనే కూర్చుని ఉంది.

రెండు రోజులకు జానకిరామయ్య మాస్టారి చేలో ఆఖరి కోత. హెడ్మాస్టరుగా రిటైరయ్యాక ఆయన ఆరెకరాల్లో మిరప వేస్తున్నాడు. ఆఖరి కోత రోజు రైతు ముఠాకు కల్లంలోనే అన్నం పెట్టడం అక్కడి పద్ధతి. అన్నం, పప్పు, వంకాయ, మజ్జిగ ఎవరైనా పెడతారు. అసలు సంగతి పచ్చడి. ఆ చేలో ఆ పూట తెంపిన పండుమిరపకాయలు, చింతపండు, ఉప్పు, వెల్లుల్లి అక్కడే రోట్లో వేసి దంచాలి. దంచిందాన్ని మేస్త్రి నాకి చూసి ఊఁ అనాలి. ఆమె ఊఁ అనేదాకా ఇంకెవరూ వేలు ముంచరు. ముంచితే మేస్త్రిని అనుమానించినట్టు లెక్క.

రోకలి దుర్గాంబ చేతిలో ఉంది. ముఠాలో కండా నోరూ రెండూ ఉన్న మనిషి. జయకుమారి దుప్పటి సర్దుకుని వంగి, వేలికి పచ్చడి తీసి నాలుక మీద పెట్టుకుంది.

"చప్పగా ఉంది."

"చప్పగానా?" అంది దుర్గాంబ. "అక్కా, వేసింది తేజ. దాన్ని మించిన కారం ఏముంది?"

"ఇంకో నాలుగు గుప్పిళ్ళెయ్యి."

దుర్గాంబ వేసి దంచింది. జయకుమారి మళ్ళీ నాకింది.

"ఉప్పు చాల్లా. కారం కూడా దిగలా. ఇంకా వెయ్యి."

"నాకు ఘాటుకి కళ్ళు కనపడట్లేదక్కా."

"కళ్ళు కాదే, నాలిక చెప్పాల."

"దాని నాలికతో వాదనేందమ్మా," అన్నాడు వెంకయ్య అలవాటు కొద్దీ, కాయల మీద పట్టా తీస్తూ. "బోరు లోతు చెప్పిన నాలిక అది!" అంటూ తలెత్తి చూశాడు. మూడోసారి నాకినప్పుడు జయకుమారి కళ్ళు మూసుకోలేదు. రుచి చూసేటప్పుడు ఆమె ఎప్పుడూ కళ్ళు మూసుకునేది. ఇప్పుడు రోట్లోకి గుచ్చిగుచ్చి చూస్తోంది. రంగు చూస్తోంది. రంగు చూసి చెబుతోంది.

"ఊఁ," అంది జయకుమారి.

నలభై మంది బారులు తీరి కూర్చున్నారు. ఆకుల్లో అన్నం, అన్నం మీద పచ్చడి, పచ్చడి మీద నూనె. పక్క చేను కాపలా యలమందయ్యను కూడా మాస్టారు పిలిచి కూర్చోబెట్టాడు. అందరూ ఒక్కసారే ముద్ద కలిపారు, ఒక్కసారే నోట్లో పెట్టుకున్నారు.

ఒక్కసారే నమిలారు కూడా. ఆ తర్వాత దుర్గాంబ లేచింది. లేచింది అనడం తప్పు, ఎగిరింది. బోరు పైపు నోట్లో పెట్టుకుంటే, లోపలికి పోయిన నీళ్ళు ఆవిరై చెవుల్లోంచి వచ్చాయని చూసినవాళ్ళు చెబుతారు. యలమందయ్య మజ్జిగ కుండలో తల పెట్టాడు. తీయడానికి ఇద్దరు కావలసొచ్చింది. ముప్పై ఐదేళ్ళు పిల్లలకు మర్యాద నేర్పిన జానకిరామయ్య మాస్టారు ఏ తరగతి పుస్తకంలోనూ లేని మాటలు నాలుగు అన్నాడు. కిందపడ్డ మెతుకు ఎత్తుకెళ్ళిన కాకి గుంటూరు దాకా నోరు మూయకుండా ఎగిరింది. ఏడ్చేవాళ్ళు, ఊదుకునేవాళ్ళు, పంచదార పంచదార అని ఊళ్ళోకి పరిగెత్తేవాళ్ళు.

వెంకయ్యకు కూడా నోరు అంటుకుపోతోంది. రెండు చేతులతో మజ్జిగ గ్లాసు పట్టుకుని, కళ్ళనీళ్ళలోంచి పెళ్ళాం కోసం చూశాడు.

బారులో ఒక్కతే మిగిలింది జయకుమారి. దుప్పటి భుజాల మీద వేసుకుని, పెరుగన్నం తిన్నంత నిదానంగా తింటోంది. ఆకులో పచ్చడి అయిపోతే, వంగి ఇంకాస్త వేసుకుంది.

వెంకయ్య చేతిలో గ్లాసు ఒరిగి మజ్జిగంతా పాదాల మీద పడింది. అతను చూసుకోలేదు.

కాసేపటికి నోరు తిరిగాక దుర్గాంబ వచ్చి ఎదురుగా నిలబడింది. పెదాలు వంకాయల్లా ఉన్నాయి. "మా మీద ఏం కక్షక్కా నీకు? చంపాలనుకున్నావా?"

"ఇంతమంది ఏడుస్తుంటే కూసుని తింటావుందే చూడు!" అంది వెనక నుంచి ఇంకొకామె.

జయకుమారి తలెత్తి వాళ్ళ మొహాలు చూసింది, తన ఆకు చూసుకుంది. లేచి, చెయ్యి కడుక్కుని, దుప్పటి ఈడ్చుకుంటూ గట్టు మీద ఇంటి దారి పట్టింది.

వెంకయ్య ఫోను తీశాడు. తొందరలో రెండుసార్లు ఎవరికో పోయింది. మూడోసారికి జాస్మిన్‌కు పోయింది. జాస్మిన్ అతని అక్క కూతురు, సత్తెనపల్లిలో ఒక ఆస్పత్రి ల్యాబులో రక్తాలు తీసే పని.

"అమ్మాయ్, మీ అత్త పచ్చడి తింటా ఉంది," అన్నాడు.

"తిననీ మావయ్యా, దానికేంది?"

"నీకు తెలవదే. నువ్వు రావాల. పొద్దున్నే రావాల."

పొద్దున్నే స్కూటీ మీద వచ్చింది జాస్మిన్. విషయం విని, మంచం మీద ముడుచుకు పడుకున్న జయకుమారి పక్కన కూర్చుంది.

"అత్తా, ఏదీ నోరు తెరువు."

"తెరవను."

"చిన్నపిల్లకి కూడా ఇంత పంతం ఉండదు."

"మా నాయనకి ఉండుంటే బాగుండేది."

జాస్మిన్ వెంకయ్య వైపు తిరిగింది. "మావయ్యా, నువ్వు చాపు."

"నాకేం లేదే!"

"చాపు ముందు."

వెంకయ్య నాలుక చాపాడు. జాస్మిన్ తనదీ చాపింది. ఇద్దరూ చాపుకుని జయకుమారి మొహంలోకి చూస్తూ కూర్చున్నారు. పక్కింటి కోడి కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది. జయకుమారికి నవ్వాగలేదు. నవ్వితే కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళతోనే, మెల్లగా, తనదీ బయటపెట్టింది.

సరిగ్గా అప్పుడే దారిన పోతున్న యలమందయ్య తలుపులోంచి తొంగి చూశాడు. "ఏంది వెంకయ్యా, ఇంటిల్లిపాదీ నాలికలు ఆరబెట్టుకుంటున్నారా?"

"అవున్రా, తాలు ఏరుతున్నాం. పోరా నువ్వు!"

కిటికీ వెలుగులో ఇప్పుడు చూశాడు వెంకయ్య. నాలుక లావెక్కింది. రెండు పక్కలా అంచంతా గాట్లు గాట్లుగా, కజ్జికాయ అంచు నొక్కినట్టు, వరసగా పళ్ళ అచ్చులు. చూడలేక గోడ వైపు తిరిగాడు. తిరిగి నిలబడలేక మళ్ళీ చూశాడు.

జాస్మిన్ చేతికి తొడుగేసుకుని అంచులు తడిమింది, అడుగున చూసింది, సెల్లు లైటు వేసి గొంతు దాకా చూసింది. "పుండు లేదత్తా. తెల్లమచ్చ లేదు. గట్టిగా గడ్డలాంటిది కూడా తగలట్లా. నాలిక వాచి పళ్ళ మధ్య చోటు చాలట్లా, అందుకే అచ్చులు పడ్డయ్యి. నీకు చలేస్తందా?"

"ఊఁ."

"జుట్టు ఊడుతుందా? దొడ్డికి సరిగ్గా పోవట్లేదా? ఎంత నిద్రపోయినా నిద్రే వస్తందా?"

జయకుమారి మొగుణ్ణి గుడ్లురిమి చూసింది. "ఇయ్యన్నీ దీనికి చెప్పావా?"

"నేను చెప్పలే! సగం నాకే తెలవదు!"

జాస్మిన్ ఆమె గొంతు మీద వేళ్ళు పెట్టి గుటక వెయ్యమంది. వేళ్ళు అక్కడే ఆగాయి. "నేను డాక్టర్ని కాదు, నా నోటితో చెప్పకూడదు. కానీ ఇది తాతయ్యకొచ్చిన జబ్బులాగ లేదత్తా. పద, మా సిద్దికా మేడం చూస్తారు."

స్కూటీ మీద ముగ్గురూ వెళ్ళారు. జయకుమారి మధ్యలో కూర్చుంది. వెనక వెంకయ్య రెండు అంగుళాల మీద కూర్చున్నాడు; మిగతా మనిషంతా గాల్లోనే సత్తెనపల్లి చేరాడు.

డాక్టర్ సిద్దికా నాలుక చూసింది, గొంతు తడిమింది, మోకాలి దగ్గర చిన్న సుత్తితో కొట్టి కాలు ఎంత నిదానంగా లేస్తుందో చూసింది.

"ఏం పని చేస్తావమ్మా?"

"మిరపకోత ముఠాకి మేస్త్రినండి."

"అయితే నీకు తేలిగ్గా అర్థమవుద్ది. ఇక్కడ గొంతు ముందర థైరాయిడ్ అని ఒక గ్రంథి ఉంటది. ఒంటికంతా అది మేస్త్రి. ఎవరు ఎంత వేగంగా పని చెయ్యాలో చెబుతుంటది. అది నిద్రపోయిందనుకో, గుండె మెల్లగా కొట్టుకుంటది, పేగులు మెల్లగా కదుల్తయ్యి, ఒంట్లో వేడి తగ్గుద్ది. గొంతూ, మొహం, నాలుకా ఉబ్బుతాయి. కొంతమందికి రుచి కూడా మందగిస్తది."

"అదే అయితే నాలిక కోస్తారాండి?" అన్నాడు వెంకయ్య.

"ఎవరయ్యా కోసేది? మాత్ర వేస్తారు. కానీ నాలుక చూసి అనుమానపడొచ్చు, అంతే. తేల్చకూడదు. రక్తం తక్కువైనా, కొన్ని విటమిన్లు చాలకపోయినా నాలుక మారుద్ది. రక్త పరీక్ష చేస్తే తెలుస్తది. రక్తం ఇచ్చి, సాయంత్రం నాలుగింటికి రండి."

అప్పుడు పదకొండయింది. ఆ ఐదు గంటలు వెంకయ్య ఎలా గడిపాడో సత్తెనపల్లి రోడ్లు చెప్పాలి. బస్టాండు దాకా నడిచాడు, వచ్చాడు. పత్తి కొట్ల దాకా నడిచాడు, వచ్చాడు. ఒక ఆటో అతను మూడోసారి చూసి, ఎక్కడికెళ్ళాలి పెద్దాయనా అని అడిగితే, నాలుగింటికెళ్ళాలి అన్నాడు. అడుగు వేసినప్పుడల్లా మామ గుర్తొచ్చేవాడు. గోడకానుకుని, నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, మాట లేకుండా.

మూడున్నరకు వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. కూర్చున్నాక మోకాలు ఆడుతుంటే జయకుమారి దాని మీద చెయ్యి వేసి ఆపింది.

"అయ్యా."

"చెప్పవే."

"నాకు కారం తెలవట్లేదు. క్రిస్మస్ నించీ తెలవట్లేదు. ఉప్పూ అంతే. మట్టి తిన్నట్టుంది."

"మరి ఎట్టా చెప్తున్నావే అందరికీ?"

"రంగు చూసి. వాసన చూసి. ఒక్కోసారి ఊరికే."

"నాకైనా చెప్పొచ్చుగా!"

"ఎట్టా చెప్పను?" జయకుమారి అతని వైపు తిరిగింది. "నువ్వేమో బోరు లోతు చెప్పింది, జలుబు కనిపెట్టిందని నాలుగూళ్ళు చాటించి పెడితివి. ఎక్కడెక్కడి వాళ్ళో కాయలు మూట కట్టుకునొచ్చి నా నోటి వంక చూస్తా కూసుంటారు. వాళ్ళకి నా నాలిక చచ్చిపోయిందని చెప్పనా? నీ కథలో మనిషిని కాదని చెప్పనా?"

వెంకయ్య మోకాలు ఆగిపోయింది. ఆమె చెయ్యి తీసేసినా అది ఆగే ఉంది. సరదాకి అల్లిన మాటలు. ఒక్కోటీ ఒక్కో ఇటుక. లోపల ఆమె ఉందని చూసుకోకుండా చుట్టూ గోడ కట్టేశాడు. ఏదో అనాలని నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోకి మొదటిసారి ఏ కథా రాలేదు.

"జయకుమారీ!" అని పిలిచింది నర్సు.

డాక్టర్ కాగితం చూస్తోంది. వెంకయ్య బల్ల అంచు పట్టుకున్నాడు.

"థైరాయిడేనమ్మా. టీఎస్‌హెచ్ అని ఒక లెక్క ఉంటది. నాలుగూ నాలుగున్నర లోపుండాలి. నీకు తొంభై ఆరుంది."

"తొంభై ఆరా!" అన్నాడు వెంకయ్య. పాత అలవాటు ఒక్క క్షణం తల ఎత్తింది. "మా పాలెంలో ఎవరికీ అంత రాలేదండి."

"ఇది పరీక్షల్లో మార్కు కాదయ్యా. గ్రంథి మందగించిందని అర్థం. రక్తం కూడా కాస్త తక్కువుంది, దానికి వేరే మాత్ర రాస్తాను. రెండూ ఒకేసారి మింగకూడదు, మధ్యలో నాలుగు గంటలుండాలి."

"మా నాయనకొచ్చింది..." జయకుమారి అడగలేక ఆగింది.

"జాస్మిన్ చెప్పింది. అది వేరు, ఇది వేరు. నీ నాలుక మీద పుండూ లేదు, గడ్డా లేదు. ఎప్పుడైనా పుండు వచ్చి రెండు వారాలైనా మానకపోతే మాత్రం దాచుకోకుండా వెంటనే రా. ఇప్పటికి పొద్దున్నే పరగడుపున ఈ మాత్ర, మంచినీళ్ళతో. ఆ తర్వాత గంటసేపు టీ లేదు, ఏమీ లేదు. వాపు, రుచి రేపే మారిపోవు. వారాలు పడుతుంది, నెలలైనా పట్టొచ్చు. ఆరు వారాలకు మళ్ళీ రక్తం చూద్దాం."

బయటికొచ్చి జయకుమారి మెట్ల మీద కూర్చుండిపోయింది. "నాయనకి కూడా ఇదే వచ్చుంటే బాగుండేదయ్యా," అంది. వెంకయ్య పక్కనే నిలబడ్డాడు. అంతసేపు ఒకేచోట అతను నిలబడటం చూసినవాళ్ళు పాలెంలో ఎవరూ లేరు.

పొద్దుటి గంట కష్టంగా ఉండేది. ఆమె మాత్ర వేసుకుంటే అతనూ టీ మానేసి ఎదురుగా కూర్చునేవాడు. గోడ గడియారం ముల్లు కదలట్లేదని లేచి తట్టేవాడు. "వచ్చిందా?" అని అడిగేవాడు. "ఏంది?" "రుచి." "రాలా." మర్నాడు మళ్ళీ "వచ్చిందా?" "నువ్వడిగితే అసలు రాదు." పదో రోజుకు దుప్పటి తీసి దండెం మీద వేసింది. ఇరవయ్యో రోజుకు ఆమె తిట్టు మొదలుపెడితే అతను వీధి మలుపు తిరిగేలోపు పూర్తయింది. వెంకయ్య మలుపు దగ్గర నిలబడి తృప్తిగా విన్నాడు. రుచి మాత్రం రాలేదు.

ఆరో వారంలో మాస్టారి కల్లంలో తాలు ఏరే పని వచ్చింది. రంగు చెడిన తెల్లకాయలు విడిగా, ఎర్రకాయలు విడిగా. ముఠా అంతా దుర్గాంబ వెనక వెళ్ళి కూర్చుంది. జయకుమారిని ఎవరూ పిలవలేదు. అది విన్న వెంకయ్య ఆగలేక ముందే పరిగెత్తాడు.

"అమ్మా, దాని తప్పేం లేదు. నాలిక చెడింది. ఎందుకు చెడిందంటే, గొంతు దగ్గర గ్రంథి ఒకటి నిద్రపోయింది."

దుర్గాంబ కాయ విసిరేసి నవ్వింది. "గొంతులో గ్రంథి నిద్రపోతే నోట్లో నాలిక వాచిందా! బోరు కథే నయం, దానికి తాడన్నా ఉంది."

"నిజమే తల్లీ! రక్తంలో తొంభై ఆరు వచ్చింది."

"మొన్న నూటికి రెండొందలొచ్చిందన్నావుగా ఎవరికో?"

"అది అబద్ధం. ఇది నిజం."

నలభై మంది ఒక్కసారి పడీపడీ నవ్వారు. వెంకయ్య చేతులు పిసుక్కుంటూ నిలబడ్డాడు. జీవితంలో ఒక్క నిజం చెబుతుంటే నమ్మే దిక్కు లేదు.

నవ్వు ఉన్నట్టుండి ఆగింది. జయకుమారి వెనకే వచ్చి నిలబడి ఉంది. వచ్చి, కాయల కుప్పల మధ్య, పట్టపగటి ఎండలో, అందరి ముందూ నాలుక చాపింది. వాపు కొంత తగ్గినా పళ్ళ అచ్చులు ఇంకా స్పష్టంగానే ఉన్నాయి. చాపి, ఒక్కొక్కరూ చూసేదాకా లోపలికి తీసుకోలేదు.

"నాకు నాలుగు నెల్ల నించీ కారం తెలవట్లేదు," అంది తర్వాత. "తెలవట్లేదని చెప్పలేక ఆ రోజు మీ నోళ్ళు కాల్చాను. ఇప్పటికీ తెలవట్లేదు. డాక్టరమ్మ వస్తదంది. రాకపోతే రాలేదు, చేతులున్నయ్యి. ఇయ్యాళ్టి నించీ పచ్చడి మీరే నాకి చూసుకోండి, నా ఊఁ కోసం కూసోకండి."

చేతిలో కాయ పక్కన పెట్టి దుర్గాంబ లేచి దగ్గరకొచ్చింది.

"ముందే చెప్పొచ్చు గదక్కా. మజ్జిగన్నా రెండు కుండలు ఎక్కువ తెప్పిచ్చేవాళ్ళం."

ఎవరో కిసుక్కున నవ్వారు. దుర్గాంబ నవ్వలేదు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "ఏదీ, నాది చూడు," అని చాపింది. అది చూసి పక్కామె చాపింది. ఇంకా నలుగురు కొంగులు సర్దుకుని వరసలోకొచ్చారు. జయకుమారి ఒక్కొక్కరి గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది. ఒకటి చూసి పొమ్మంది. రెండోది చూసి, "తమలపాకులు తగ్గించు," అంది. మళ్ళీ దుర్గాంబ దగ్గరికొచ్చి ఆగింది.

"ఇంకోసారి చాపు."

"ఏంది? ఏముంది?" దుర్గాంబ చాపి గబుక్కున లోపలికి లాక్కుంది.

"చూసి చెప్పేదాన్ని కాదు నేను. చూసి చెప్పకూడదంట. రేపు నా రక్తం ఇయ్యడానికి పోవాల. నువ్వూ రా."

"పరగడుపునేనా?"

"టీ తాగితే చంపుతా," అంది జయకుమారి. కుప్ప దగ్గర గోనె పరుచుకుని కూర్చుని, తాలుకాయలు ఏరడం మొదలుపెట్టింది.

వెంకయ్య మాత్రం కూర్చోలేదు. స్కూటీ మీద నలుగురు ఎలా పడతారా అని కల్లం చుట్టూ తిరుగుతూ ఆలోచిస్తున్నాడు.